మామ విప్పనివ్వని రంపం

పోయిన నెల ఒక ఉదయం హిందూపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని, పళ్లు మిగిలిన వైపుకు నెట్టుకుంటూ ఇడ్లీ తింటుండగా, మా బామ్మర్ది ఒక గోనెసంచి మోసుకొచ్చి నా కాళ్ల దగ్గర దించాడు. దించీ దించగానే కంపు గుప్పుమంది. బంకలా గడ్డకట్టిన పాత పెట్రోలు, మాగిపోయిన ఆయిలు, ఎలుక ఉచ్చ, మూడూ కలిసిన కంపు అది. మన తరంలో మోపెడ్లు నడిపి, వాటిని ఏళ్ల తరబడి మూల పడేసి, మళ్లీ ఎప్పుడో బయటికి లాగినవాళ్లకు నేను ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టేశాను. సంచి మూతి విప్పకముందే లోపల ఏముందో తెలిసిపోయింది. మా మామ రంపం మిషను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, పెనుకొండ ఆయన ఊరు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఈ బామ్మర్ది ఆయన ఒక్కగానొక్క కొడుకు, సోమందేపల్లిలో హైవే పక్కన సెల్‌ఫోన్ల అంగడి నడుపుతాడు. తుప్పుపట్టిన సామాన్లను తళతళలాడించే వీడియోలు ఫోన్లో చూసి చూసి, అలాంటిది తనూ ఒకటి తీయాలని వాడికి బుద్ధి పుట్టింది. నేనేమో ఇదే ఊళ్లో మోపెడ్లూ, చేలకు మందు కొట్టే ఇంజన్లూ బాగుచేస్తూ బతికినవాణ్ణి, మోకాళ్లు సహకరించక ఈమధ్యనే అంగడి మూసినవాణ్ణి.

“బావా, తాడు లాగితే ఉత్త గాలి లాగినట్ల వస్తాది. కంప్రెషను సున్నా. నువ్వు బాగు చెయ్యి, నేను వీడియో తీస్తా. నాయన గుర్తు కదా, యాడో ఒకచోట పనికొస్తాది,” అని, నా జవాబు కోసం కూడా ఆగకుండా బస్సుకు వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. గాలి వడపోసే డబ్బా మూత తీస్తే ఎలుక గూడు, ఆ గూట్లో ఎండి చర్మం మాత్రమే మిగిలిన పిల్లలు. గొలుసు తిరిగే చోట చెక్కపొట్టూ ఆయిలూ కలిసి నల్లటి ముద్దగా బిగుసుకుపోయి ఉంటే, స్క్రూడ్రైవరుతో గీకాను. అది పెళ్లలు పెళ్లలుగా ఊడి నా పంచె మీద పడింది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ దరిద్రాన్ని వీధిలోకి తీసుకుపొమ్మని లోపలి నుంచే కేకేసింది. వీధిలో గోడ నీడకు మార్చి, డీజిలు పోసి నానబెట్టి, చేతులు ఎంత రుద్దినా పోని ఆ వాసనతోనే మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. ముద్ద దిగలేదు. దిగకపోవడం నాకు కొత్త కాదు. నా ఇరవయ్యో ఏట ఇదే మిషను పుణ్యమా అని ఎన్ని పూటలు అన్నం ముందు నుంచి లేచిపోయానో.

ఇంటరు తప్పి ఇంట్లో కూర్చుంటే మా నాయన నన్ను పెనుకొండకు, మామ దగ్గరికి పంపించాడు. మామది చెట్లు కొట్టే పని. అప్పట్లో ఆ పని అంటే గొడ్డళ్లు, లేకపోతే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని లాగే పొడవాటి రంపం. అట్లాంటి రోజుల్లో మామ కర్ణాటక వైపు ఒక కాఫీ తోటలో వాడి పక్కన పెట్టిన పెట్రోలు రంపాన్ని కొనుక్కొచ్చాడు. మా చుట్టుపక్కల అట్లాంటిది ఎవరూ చూసి ఎరుగరు. అది మొదటిసారి అరిచిన రోజు కోట దారిలో మేకలు చెదిరిపోయాయని, ముసలివాళ్లు ఇళ్లలోంచి బయటికొచ్చి తిట్టారని మా అత్త చాలాకాలం చెప్పుకుని నవ్వేది.

మామకు అది పంచప్రాణాలు. నాకేమో రోత. దాని పొగ ముక్కులోకి పోతే సాయంత్రందాకా గొంతులో గరగరలాడేది. చింతచెట్టు పొట్టు మెడ మీద చెమటకు అంటుకుని దురద పుట్టించేది. మునగచెట్టు ఎక్కితే కంబళిపురుగులు చొక్కాలోకి దూరి ఒళ్లంతా దద్దుర్లు. బస్సులో తీసుకుపోదామంటే కండక్టర్లు ఎక్కనిచ్చేవారు కాదు. సంచిలో చుట్టి సీటు కింద తోస్తే, ఒకసారి ధర్మవరం బస్సులో ఆ పెట్రోలు వాసనకు ముందు సీటులో ఆమె కిటికీలోంచి వాంతి చేసుకుంది. ఆ వాంతి గాలికి వెనక్కి తిరిగి నా మీదే పడింది. మామ మాత్రం ఇవేమీ పట్టించుకునేవాడు కాదు. పెట్రోల్లో ఆయిలు కలపడం ఎవరి చేతికీ ఇవ్వకుండా, అత్త పాయసంలో యాలకులు వేసినంత జాగ్రత్తగా తనే కలుపుకునేవాడు. ఆయిలు లేని పెట్రోలుతో నడిపితే లోపల పిస్టను రాసుకుని కాలిపోతుందని, అప్పుడు ఇక ఇంజను చచ్చినట్టేనని నాకు పదే పదే చెప్పేవాడు.

ఒక ఎండాకాలం మిషను బలం తగ్గింది. పిస్టను చుట్టూ గాజులాగా ఒక సన్నటి ఇనుప రింగు ఉంటుంది. అది సిలిండరు గోడకు అంటుకుని ఉంటేనే లోపల ఒత్తిడి నిలబడుతుంది, ఇంజను అందుకుంటుంది. ఆ రింగు అరిగిందని మామ బెంగళూరు నుంచి కొత్తది తెప్పించి, నా చేతికిచ్చి, ఈసారి నువ్వే వెయ్యరా అన్నాడు. పక్కన నిలబడను కూడా లేదు, చేనికి వెళ్లిపోయాడు. గుడ్డ పరుచుకుని, కార్బను గీకి, రింగు కొసలు తిరిగిపోకుండా ఆపే చిన్న మేకు దగ్గర సరిగ్గా కూర్చోబెట్టి బిగించాను. సాయంత్రం మామ తాడు లాగితే మొదటి లాగుకే అందుకుంది. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను చూడలేదు.

ఆ వారంలోనే మా చిన్నాయన వచ్చాడు. సొంత చిన్నాయన కాదు, మా నాయనకు పెదనాన్న కొడుకు, హిందూపురంలో కట్టెల కాంట్రాక్టరు. కూలీలు రాక పని ఆగిపోయిందని, నాలుగు రోజులకు రంపం ఇమ్మని బతిమాలాడు. మామకు ఇవ్వడం ఇష్టం లేదు. బంధుత్వం అడ్డమొచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయిలు సంగతి మళ్లీ మళ్లీ చెప్పాడు. అనుకున్న రోజు దాటినా రంపం రాకపోతే మనిషి మీద మనిషిని పంపి, చివరికి తెప్పించుకున్నాడు. తిరిగొచ్చిన మిషను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మిలమిలలాడుతోంది. చూశావా ఎంత శుభ్రంగా పెట్టుకున్నాడో, నేనే అనవసరంగా అనుమానపడ్డాను, అన్నాడు మామ. తాడు లాగితే పలికింది కూడా.

కొద్ది రోజులకు ధర్మవరంలో గాలివాన. నేతగాళ్ల వీధిలో పెద్ద చింతకొమ్మ విరిగి ఒక ఇంటి మీద పడింది. కబురందుకుని మేము చేరేసరికి వాన వెలిసింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న మనిషి, దూలం కిందికి దిగడంతో అట్లాగే ఇరుక్కుపోయాడు. మనిషి స్పృహలోనే ఉన్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు. ఆయన భార్య కప్పు మీదికి చూస్తూ నిలబడి ఉంది. మామ రంపం అందుకుని, కొమ్మ బరువు ఎటుందో చూసుకుని, జాగ్రత్తగా కోత మొదలుపెట్టాడు. సగం పైగా తెగింది. అంతలో మిషను లోపల టక్కుమని ఏదో విరిగిన చప్పుడై ఆగిపోయింది. మామ తాడు లాగాడు. ఏ అడ్డూ లేకుండా ఖాళీగా వచ్చేసింది. మళ్లీ లాగాడు. సగం తెగిన కొమ్మ కిరకిరలాడుతూ వంగడం నా కళ్లారా చూశాను. గొడ్డళ్లు తెండని అరుస్తూ ఎవరెవరో పరుగెత్తారు. అవి వచ్చేలోపే కొమ్మ జారి దూలం మీద కూర్చుంది.

మనిషి బతికాడు. ఒక కాలు మాత్రం మోకాలి దగ్గర నలిగిపోయింది. గుంత మగ్గం తొక్కడానికి రెండు కాళ్లూ కావాలి కాబట్టి, ఆయన ఆ తరువాత ఇంట్లో ఆడవాళ్లతో పాటు నూలు కండెలు చుట్టుకుంటూ గడిపాడు. ఆ రోజు వీధి వీధంతా మామ మీద విరుచుకుపడింది. మిషను సరిగ్గా పెట్టుకోలేనివాడివి ఎందుకొచ్చినావన్నారు. ఒకడు మొహం మీద ఉమ్మేశాడు. మామ కండువాతో తుడుచుకుని, మిషను నాది, మాట కూడా నాకే తగలాలి అన్నాడు.

పెనుకొండకు వచ్చి రంపాన్ని సంచిలో కట్టి అటక మీద పెట్టేశాడు. చెట్లు కొట్టే పని మానేసి ఉన్న కాస్త మెట్టచేను చూసుకున్నాడు. పంట చేతికొచ్చిన ఏడల్లా ఒక మూట శనక్కాయలు ధర్మవరం ఆ ఇంటికి మోసుకుపోయేవాడు. మొదట్లో వాళ్లు తలుపు తీయలేదట, తరువాత తీశారట. నన్ను మాత్రం హిందూపురంలో తనకు తెలిసిన ఒక మెకానిక్కు దగ్గర చేర్చాడు. ఇంజన్ల పని బాగా నేర్చుకోరా, తొందరపడొద్దు, చేసేది ఒకటికి పదిసార్లు చూసుకో అని చెప్పి వెళ్లాడు. ఆ మాటలో నాకు ప్రేమే వినిపించింది.

పని వచ్చాక పెనుకొండ పోయినప్పుడల్లా, మామా, ఆ రంపం దించు, ఒకసారి విప్పి చూస్తానని అడిగేవాణ్ణి. వద్దనేవాడు. నా పెళ్లయిన కొత్తలో ఒకసారి నేనే నిచ్చెన వేయబోతే, “దాన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే, దిగు!” అని అరిచాడు. ఆయన అరవగా విన్నది ఆ ఒక్కసారే. ఆ మిషను అంటేనే ఆయనకు రోత పుట్టిందనుకుని నేనూ వదిలేశాను. రింగు నేను సరిగ్గానే వేశానా అన్న సందేహం మాత్రం నన్ను వదల్లేదు. అంగడిలో ఎవరి బండి పిస్టను పట్టుకున్నా రింగు కొసలు ఒకటికి పదిసార్లు చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు వీధిలో గోడ నీడన కూర్చుని సిలిండరు బోల్టులు ఊడదీస్తుంటే అదే సందేహం. సిలిండరు పైకి లాగాను. పిస్టను ఒక పక్కన నిలువునా గాట్లు పడి, అల్యూమినియం కరిగి పూసినట్టుంది. ఆ గాట్ల మీద ఎవరో గరుకు కాగితంతో రుద్దారు. రింగు రెండు ముక్కలై ఒక ముక్క పొగ బయటికి పోయే కంతలో ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టకారుతో తీసి, తుడిచి, ఎండలో పెట్టి చూశాను. నేను వేసిన రింగు కాదు అది. మోపెడ్ రింగు. కొసలు ముతక ఆకురాయితో అరగదీసి పొట్టి చేశారు. మందం ఎక్కువైందని పిస్టను గాడిని గీకి వెడల్పు చేశారు. కొసలను ఆపే చిన్న మేకును పెరికేశారు. అట్లాంటి రింగు కాసేపు పలుకుతుంది. తరువాత తిరిగి తిరిగి కంతలో కొస తగులుకుని విరుగుతుంది. నా జీవితమంతా ఇట్లాంటి పనులు చూశాను, చేసినవాళ్లను తిట్టాను. ఇది చూసి తిట్టు కూడా రాలేదు, ముక్కలు రెండూ ఏరి కాగితం మీద పెట్టాను. ఆయిలు లేకుండా నడిపి కాల్చేసి, ఎవడి చేతనో అతుకు వేయించి, పైన కిరసనాయిలుతో తళతళలాడించి మా చేతికిచ్చాడు చిన్నాయన.

ఆయన ఇంకా ఉన్నాడు, ఇదే ఊళ్లో. కట్టెల వ్యాపారంలో గడించి, ఇప్పుడు తెల్లబట్టలు కట్టుకుని, వానాకాలం వస్తే బడుల్లో మొక్కలు నాటించి ఫోటోలు దిగుతుంటాడు. మర్నాడు రింగు ముక్కలు కాగితంలో చుట్టుకుని వెళ్లాను. చేతిలోకి తీసుకుని, అద్దాలు సర్దుకుని చూశాడు. ఏమిటిది అని కూడా అడగలేదు, గుర్తుపట్టాడు.

“ఆ మెకానిక్కోడు ఎవడో చేసినాడప్పా. ఇచ్చేయ్, ఇచ్చేయ్ అని మీ మామ ఒకటే పోరు. నేనేం చేసేది?” అన్నాడు.

“మామ నిన్ను అడగలేదా చిన్నాయనా, ధర్మవరంలో అట్ల అయినాక?”

“అడిగినాడు. దేవుడి పటాల ముందర నిలబెట్టి అడిగినాడు. మరలు కూడా తిప్పలేదని చెయ్యిపెట్టి చెప్పినా. అప్పటికి ఏమో ఒకటి చెప్పల్ల కదప్పా.”

“ఆ మగ్గం ఆయన కాలు పోయింది.”

“పోయింది. ఇప్పుడు నువ్వు, నేను మాట్లాడుకుంటే వస్తాదా? కాఫీ తాగి పో,” అని కోడలిని పిలిచి, రింగు పట్టుకున్న వేళ్లను తెల్లటి తువ్వాలుతో ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. భయపడతాడనుకున్నాను, కాదంటాడనుకున్నాను, కనీసం చూపు తప్పిస్తాడనుకున్నాను. మెట్లెక్కిన మనిషి ఆయాసపడినంత కూడా ఇబ్బంది పడలేదు. కాఫీ వచ్చింది, మీగడ తేలుతోంది. అది ముట్టుకోకుండా, రింగు ముక్కలు తీసుకుని లేచి వచ్చేశాను.

ఆ కసితోనే మిషనును బాగుచేశాను. బామ్మర్ది ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించిన పిస్టను మెరిసే డబ్బాలో వచ్చింది. రింగును వేలితో కొంచెం విప్పబోతే అప్పడంలా పుటుక్కున విరిగింది. దాన్ని మురికికాల్వలోకి విసిరి, నేనే బెంగళూరు పోయి పాత సామాన్లమ్మే సందుల్లో తిరిగి అసలుది పట్టుకొచ్చాను. సిలిండరు గోడకు అంటిన అల్యూమినియాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌తో కళ్లు మండుతుండగా కరిగించి, సన్న కాగితంతో నున్నగా రుద్దాను. రింగు వేసి, సిలిండరు దించి, బోల్టులు బిగించి తాడు లాగితే, చేతికి ఎదురు తన్నింది. కంప్రెషను వచ్చింది.

బామ్మర్ది ఆ సాయంత్రమే వచ్చాడు. సంగతంతా చెప్పాను. వాడికి ధర్మవరం సంగతి తెలుసు; బడిలో పిల్లలు వాణ్ణి దాని గురించి ఏడిపించారని కూడా నాకు తెలుసు. వింటుంటే వాడి కళ్లు తడిశాయి. తరువాత కళ్లు తుడుచుకుని, “బావా, ఇది బలే వస్తాది. ఆ విరిగిన రింగును మళ్లా లోపల పెడదాం. పైన రవ్వంత బురద పూస్తాము. నువ్వు మొదటిసారి చూసినట్ల విప్పి, నాయన పేరు చెప్పి ఏడ్చు. చానా మంది చూస్తారు,” అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. కన్నీళ్లు కూడా నిజమైనవే. అందుకే నాకు మరీ అసహ్యం వేసింది. మిషను సంచిలో పెట్టుకుని మర్నాడు ఒక్కణ్ణే పెనుకొండ బస్సెక్కాను.

అత్తకు ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. వాకిట్లో ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పి, విరిగిన రింగు ఆమె చేతిలో పెట్టాను. అరగదీసిన కొసలను బొటనవేలితో తడిమి తడిమి చూసింది.

“అయితే నువ్వు కాదా నాయనా?” అంది.

నేను కాకపోవడమేమిటని అడిగాను.

“మీ చిన్నాయన పటాల ముందర ప్రమాణం చేసినాడు కదా. ఇంక మిగిలింది నువ్వే అనుకున్నాడు మీ మామ. పిల్లోడు, తెలీక రింగు తప్పుగా ఏసినాడు, అది విప్పితే అందరికీ తెలిసిపోతాది, జీవితమంతా మోస్తాడు అన్నాడు. అందుకే నిన్ను ముట్టుకోనీలేదు. నాతో ఒక్కసారే చెప్పినాడు, ఎవురికీ చెప్పొద్దన్నాడు.”

ఆయన అరుపు, ఇంజన్ల పని బాగా నేర్చుకోమన్న మాట, నా పెళ్లిలో నా భుజం మీద పెట్టిన చెయ్యి, అన్నీ మళ్లీ కొత్తగా చదువుకోవలసి వచ్చింది. అంత ప్రేమ. ఆ ప్రేమ కింద, నేనే చేశానన్న నమ్మకం. ధర్మవరం వీధిలో మొహం మీద పడిన ఉమ్మిని ఆయన తుడుచుకున్నది నా బదులుగా. దాని కింద నేనూ, నేనేనేమో అనుకుంటూ, ఆయనను అడగడానికి భయపడి, ప్రతి పిస్టనునూ పదిసార్లు చూసుకుంటూ బతికాను.

అత్త అడిగితే వాకిట్లో మిషను పెట్టి తాడు లాగాను. పలికింది. వీధిలో కుక్కలు మొరిగాయి, పొగ కమ్మింది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చాల్లే నాయనా, ఆపు అంది. ఆపేశాను.

ఆ కాలం మంచిదని మన ఈడువాళ్లం చెప్పుకుంటూ ఉంటాం. నేనూ చెప్పినవాణ్ణే. ఇప్పుడు దుఃఖానికి కూడా బురద పూసి ఫోనుకు చూపించుకునే రోజులు వచ్చాయని బామ్మర్దిని చూసి అసహ్యించుకున్నాను, ఇప్పటికీ అసహ్యమే. కానీ మన రోజుల్లో నోరు విప్పడమే మర్యాద తక్కువ అనుకున్నాం. పెద్దవాళ్లు చిన్నవాళ్లను కాపాడాలనుకుని మింగేశారు, చిన్నవాళ్లు పెద్దవాళ్లను బాధపెట్టకూడదని మింగేశారు. ఆ మింగుళ్ల మధ్యన చిన్నాయన లాంటివాళ్లు తెల్లబట్టలు మాయకుండా ముసలివాళ్లయ్యారు. ధర్మవరం ఆయన మామ కంటే ముందే పోయాడు. ఇక ఈ సంగతి చెప్పవలసినవాళ్లెవరూ మిగల్లేదు. మామ నన్ను తిట్టినా బాగుండేది. ఏరా, నువ్వేనా అని ఒక్కసారి అడిగి ఉంటే, ఆ రోజే వాకిట్లో గుడ్డ పరుచుకుని ఇద్దరం కలిసి విప్పి చూసుకునేవాళ్లం.